దూడ వంతు

తెలుగున పాడి యను మాటకు రెండర్థములు గలవు. పాలిచ్చు పశుసంపద పాడి. న్యాయము, ధర్మము అనునదియు పాడియే. "ఇది నీకు పాడియా?" యని పెద్దలు మందలించునపుడు వారడుగునది పాలను గూర్చి కాదు. ఈ రెండర్థములకు మూల మొకటియేనా యను విషయమును నిఘంటుకారులు విచారింతురు గాక. సామాన్యుని జీవితములో మాత్ర మివి రెండును ఒక్కచోట కలియును. తెల్లవారుజామున పాలు పితుకువాడు ముందుగా దూడను విడుచును. దూడ నోరు తగిలిన పిమ్మటనే ఆవు చేపును. అపుడతడు దూడను కట్టి, తనకు కావలసినది పితికికొని, పొదుగులో కొంత మిగిల్చి, మరల దూడను విడుచును. ఆ మిగిల్చినదే దూడ వంతు. దానిని గూడ పిండుకొనువానికి ఆనాటికి చెంబు నిండును. కాని కొన్నాళ్ళకు దూడ యుండదు, పిదప పాడియు నుండదు. అతడు చేసినది పాడియు కాదు.

ప్రకృతిసంపదను కాపాడుకొనుట యను నేటి గొప్ప సమస్య, దాని సాంకేతిక పదజాలమునంతయు తొలగించి చూచినచో, ఈ దూడ వంతు సమస్యయే. ఎంత పితుకవచ్చును? ఎంత మిగుల్పవలెను? మిగుల్పవలసినది ఎవరి చెంబు నుండి తగ్గింపవలెను? మొదటి రెండు ప్రశ్నలు అర్థశాస్త్రమునకు సంబంధించినవి. మూడవది ధర్మమునకు సంబంధించినది. దానిని విడిచి మొదటి రెంటికి మాత్రమే సమాధానము వెదకుటచేతనే మనము తరచుగ దారి తప్పుచున్నాము.

అండమాను ద్వీపములలో, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడి నేడు శ్రీ విజయపురమని పిలువబడు పట్టణమున, డైరీ ఫార్మ్ అను పేట గలదు. పేరులోనే పాడి యున్నది. 2011 జనగణన ప్రకారము అండమాన్ నికోబార్ ద్వీపముల జనాభా సుమారు 3,80,000. అందు నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి పొట్ట చేతబట్టుకొని సముద్రము దాటిన కుటుంబముల సంతతివారు ఈ పట్టణపు పేటలలో నేడు స్థిరనివాసులై యున్నారు. కావున ఈ ప్రశ్న మనకు పరాయి దేశపు ప్రశ్న కాదు. మనవారి యింటి ముంగిటి ప్రశ్న.

ఆ ముంగిట వేసవిలో కనబడు దృశ్యము ఆలోచింపదగినది. కుళాయి వచ్చు వేళకై బిందెలు, బకెట్లు, డ్రమ్ములు వరుస తీరి యుండును. నీరు ప్రతిదినము రాదు. వానలు తగ్గిన యేడు రెండు మూడు దినములకొకసారి మాత్రమే వచ్చుటయు గలదు. ఇందు వింత యేమనగా, మన అనంతపురము ప్రాంతమున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; ఈ ద్వీపములలో కురియునది సుమారు 3,000 మిల్లీమీటర్లు. మే మాసము మొదలు డిసెంబరు వరకు రెండు ఋతుపవనములును ఇచట వర్షించును. కరవు సీమకు ఐదింతలకు మించిన వాన గలచోట నీటికి కరవేల?

కారణము సులభముగ తెలియును. ద్వీపము ఇరుకైనది, కొండలతో నిండినది. గోదావరి వంటి మహానది యిచట లేదు. ఏర్లు పొట్టివి, కొండపై పడిన వాన కొద్ది సేపటిలోనే సముద్రమున కలియును. జనవరి మొదలు నాలుగు మాసములు వాన దాదాపు లేదు. కావున ఇచట ముఖ్యమైన ప్రశ్న ఎంత వాన కురిసినదని కాదు, ఎంత నిలిచినదని. నిలుపు సాధనములు రెండు. ఒకటి మనుష్యుడు కట్టినది: 1973 నాటి ధనిఖరి జలాశయము పట్టణమునకు నీటినిచ్చుచున్నది. రెండవది ఎవరును కట్టనిది: కొండలపై అడవి. అడవి వానను పుట్టించునా, పుట్టించినచో ఎంత యను చర్చ వేరు. చెట్లును నీటిని త్రాగునను మాటయు సత్యమే. కాని ఆకులు రాలి కుళ్ళి మెత్తనైన అడవి నేల వాన నీటిని తనలోని కింకించుకొని మెల్లమెల్లగ ఏటికి విడుచును. మట్టి కొట్టుకొని వచ్చి జలాశయమును పూడ్చివేయకుండ వేళ్ళతో పట్టియుంచును. వాన రాబడి. అడవి ఆ రాబడిని దాచు పెట్టె. పెట్టెను పగులగొట్టి అమ్ముకొనినవాడు రాబడి తగ్గలేదని సంతసించిన నేమి ప్రయోజనము?

ఈ సత్యము క్రొత్తది కాదు. భాగవతము నాల్గవ స్కంధమున పృథుచక్రవర్తి కథ గలదు. క్షామపీడితులైన ప్రజల మొర విని రాజు విల్లెత్తి భూమిని తరిమెను. గోరూపమున పరువెత్తిన భూదేవి తుదకు నిలిచి తన మాట చెప్పుకొనెను. కాపాడువారు లేక, అయోగ్యులు దోచుకొని తినుచుండగా తాను ఓషధులను లోన దాచుకొంటినని ఆమె భావము. తిరిగి పాలిచ్చుటకు ఆమె కోరినవి ముఖ్యముగ మూడు: తగిన దూడ, తగిన పాత్ర, మరియు వానకాలము గడచిన పిదపను నీరు తనపై నిలుచునట్లు నేలను చదును చేయుట. ఈ మూడవ కోరికను మనము తరచుగ మరచెదము. వాన గడచిన పిదప నీరు నిలుచుట! డైరీ ఫార్మ్ ఇల్లాలు మార్చి మాసమున బిందెతో నిలిచి కోరునదియు అదియే. విల్లెత్తిన రాజునకు ఒక్క చుక్కయు రాలేదు. దూడను చూపిన రాజునకు సమస్తము లభించినది. బలము చేత పిండవచ్చును గాని చేపింపరాదు.

ఇక మనము చేసినదేమి? ఈ పట్టణమునకు చేరువనే చాథం ద్వీపమున 1883లో స్థాపింపబడిన కోతమిల్లు గలదు. ఆసియాలోని ప్రాచీనమైన కోతమిల్లులలో నది యొకటి. అండమాను పడౌక్ ఎఱ్ఱని చేవ గలిగి, మెరుగు పెట్టినచో దేదీప్యమానముగ నుండు కలప. దాని ధర దుంగకింత, ఘనపు మీటరునకింత యని పుస్తకములలో వ్రాయబడెను. కాని ఆ మాను నిలిచియుండగా ఏటికి విడిచిన నీరెంత, పట్టియుంచిన మట్టియెంత, తీరపు మడఅడవులకును పగడపు దిబ్బలకును బురద చేరకుండ కాచినదెంత యని ఏ పద్దులోను వ్రాయబడలేదు. వ్రాయనిది లేనిదను భ్రమ లెక్కలు వ్రాయువారికి సహజము. గృహస్థు ఇంటి దూలమును వంటచెరకుగ నమ్మి, వచ్చిన సొమ్మును రాబడి పద్దున వ్రాసికొనినచో వానిని చూచి నవ్వుదుము. దేశము అట్లు చేసినచో అభివృద్ధి యందుము.

మహాత్ముని అనుయాయియగు జె. సి. కుమారప్ప చెరసాలలో వ్రాసి, 1945లో ప్రకటితమైన గ్రంథమున ఆర్థికవ్యవస్థలను శాశ్వతములని, అశాశ్వతములని విభజించెను. తవ్వినకొలది తరుగు నిల్వపై బ్రతుకుట ఒకటి. ఏటేట పెరుగు ప్రవాహముపై బ్రతుకుట మరియొకటి. అసలును తినుట, వడ్డీని తినుట యని మన పల్లెలలో చెప్పుకొను భేదమే యిది. దేశము స్వాతంత్ర్యము కొఱకు ఎదురుచూచుచున్న దినములలో, ఆ స్వాతంత్ర్యమును దేనితో నిలుపుకొందుమని ఆయన ఆలోచించెను.

ఆధునిక అర్థశాస్త్రజ్ఞులు ఈ దోషమును గుర్తింపలేదని యనరాదు. అడవిని ఇతర కార్యములకు మళ్ళించువారు దాని సేవలకును వెల చెల్లింపవలెనని సుప్రీంకోర్టు ఆదేశించెను. 2008 మార్చిలో ఆమోదింపబడిన ధరలు, అడవి తరగతిని బట్టి, హెక్టారుకు 4.38 లక్షల రూపాయల నుండి 10.43 లక్షల వరకు నుండెను. 2022లో వానిని సుమారు 9.57 లక్షల నుండి 15.95 లక్షల వరకు పెంచిరి. దీనికి నికర వర్తమాన విలువ యని పేరు. ఇది మేలే. సున్న వ్రాయబడినచోట ఒక అంకె వచ్చినది, ఉచితమనుకొనినవాడు చెల్లింపవలసివచ్చినది. అయినను ఈ లెక్కలో రెండు సూక్ష్మములు దాగియున్నవి. వివేకి వానిని గమనింపవలెను.

మొదటిది కాలమును గూర్చినది. రేపటి రూపాయి నేటి రూపాయికన్న తక్కువయని వర్తకుని లెక్క. ఏటికి నూటికి 8 వంతున తగ్గించుచు పోయినచో, ఏబది యేండ్ల తరువాత లభించు నూరు రూపాయల మేలు నేటి లెక్కకు రమారమి రెండు రూపాయలు మాత్రమే. నూరేండ్ల తరువాతి నూరు రూపాయల మేలు నాలుగున్నర పైసలు! అప్పిచ్చువానికి ఈ లెక్క సరియే. అతని సొమ్ము, అతని కాలము. కాని నాలుగున్నర పైసలుగ మారినది ఎవరి మేలు? మన మనుమల మనుమలది. పడౌక్ మాను చేవదేరుటకు తరములు పట్టును. ఈ లెక్క ననుసరించువాడు దానిని నరకును గాని ఎన్నటికిని నాటడు. మామిడి టెంక పాతిన తాత ఈ లెక్క నెరిగియుండిన యెడల మనకు తోటలుండెడివి కావు. అంకెలు తప్పు కావు. కాని ఎవరి కాలమును ఎవరు తగ్గించుచున్నారను ప్రశ్న అంకెలలో లేదు. నా సుఖమును నేను రేపటికి వాయిదా వేసికొనుట నిగ్రహము. పరుని సుఖమును నా తొందరకొఱకు తగ్గించి లెక్కించుట నిగ్రహము కాదు, న్యాయమును కాదు.

రెండవది బదులును గూర్చినది. డబ్బు చెల్లించితిమి, వేరొకచోట చెట్లు నాటితిమి, ఋణము తీరినదని మనము తలంతుము. గ్రేట్ నికోబార్ ద్వీపమున ఓడరేవు, విమానాశ్రయము, నగరము కట్టుటకై 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించెను. దానికి మళ్ళింపదలచిన అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. బదులు వనములను హర్యానాలో పెంచుట నిర్ణయింపబడెను. దేశరక్షణకును వాణిజ్యమునకును అది యవసరమని ప్రభుత్వ పక్షము. గలతియా తీరమున గ్రుడ్లు పెట్టు మహాకూర్మములకును, అడవినే యిల్లుగ గల షోంపెన్ జనులకును ముప్పని విమర్శకుల పక్షము. ఆ వివాదమున తీర్పు చెప్పుట ఈ వ్యాసము పని కాదు. కాని ఒక్కమాట ఉభయపక్షములవారును ఒప్పుకొనదగినది: హర్యానాలో నాటిన చెట్టు నికోబారు ఏటికి నీటిని విడువదు. ఒక దూడ వంతును వేరొక ఊరి దూడకు పోసి, మన దూడ నిండినదని వ్రాసికొనుట లెక్క కావచ్చును గాని పాడి కాజాలదు. అవసరమై త్యాగము చేయుదుమేని దానిని త్యాగమనియే చెప్పుకొందము. బదులిచ్చితిమని మనస్సును జోకొట్టుట కన్న, పోయినది తిరిగి రాదని యెరిగి చేయుట సత్యమునకు దగ్గర.

ఇంతవరకు చదివిన పాఠకుడు తల యూపియుండవచ్చును. కాని కథ ఇక్కడ ముగియదు. నిజమైన కష్ట మిక్కడనే యారంభమగును. 2001లో ఈ ద్వీపముల అడవుల నరికివేతపై సుప్రీంకోర్టు నిషేధము విధించి, విచారణకు శేఖర్ సింగ్‌ను నియమించెను. ఆయన నివేదిక ననుసరించి 2002 మే 7న తుది ఆదేశములు వెలువడెను. కలపను ద్వీపముల బయటికి పంపరాదనియు, ద్వీపవాసుల అవసరమునకు మాత్రమే పరిమితముగ నరుకవలెననియు, తీరపు ఇసుక త్రవ్వకమును క్రమముగ తగ్గింపవలెననియు వాని సారము. అడవికి ఇది రక్ష. కాని దుంగలు మోసి, కోతమిల్లులో పనిచేసి, ప్లైవుడ్ కార్ఖానాలో కూలి చేసికొని బ్రతికినవాడు ఇట్లు అడుగవచ్చును: "బాబూ, చెట్టు నిలిచినది, మంచిదే. నా పొయ్యి మాటేమిటి? చెట్టునమ్మి మేడలు కట్టినవారు వేరు. నేను దుంగ నెత్తితిని, అంతే. ఇసుక లేక నా రెండు గదుల యిల్లు సగములో ఆగినది. పుట్టబోవు వారి కొఱకు త్యాగము చేయుమనుచున్నారు. పుట్టిన నా బిడ్డ మాటేమిటి?"

ఈ ప్రశ్నకు ప్రకృతిని స్తుతించు శ్లోకములతో సమాధానము చెప్పరాదు. ఆకలిగొన్నవానికి పరోపకారమును బోధించుట బోధకుని దోషమే. అతని ప్రశ్న న్యాయమైనది. దూడ వంతు మిగుల్పవలెను, నిజమే. కాని దానిని ఎవరి చెంబు నుండి తగ్గింపవలెను? నాలుగు బిందెలు పితికికొనినవాడు తన బిందెలను తాకనీయక, పాలేరు బిడ్డకు పోసిన గరిటెడు పాలను దూడకు పోయించి, "చూడుము, మేము ధర్మము నెంత చక్కగ పాటించుచున్నామో" యనినచో, అది దూడకు న్యాయమైనను పాలేరునకు అన్యాయము. ఒక అన్యాయమును మరియొక అన్యాయముతో కొనుట ధర్మము కాదు. అంతేకాదు, అట్టి రక్షణ నిలువదు. ఆకలి రాత్రివేళ గొడ్డలి పట్టుకొని అడవికి పోవును. కావలివాడు ఎందరిని పట్టగలడు?

కావున ప్రకృతిరక్షణకు నేను చెప్పదలచిన సూత్ర మొక్కటియే: వంతు దూడది, దానిని మిగిల్చు భారము మాత్రము పెద్ద చెంబుది. ఎవరు ఎక్కువ పితికిరో, ఎవరికి ఎక్కువ లాభము కలిగెనో, వారు ముందుగ తగ్గించుకొనవలెను. తగ్గించుకొనలేనివానికి వారు చేయూత నీయవలెను.

ఇది కేవల భావన కాదు. దేశము దీనిని కొంత అంగీకరించియే యున్నది. కేంద్ర పన్నులలో రాష్ట్రముల వాటాను నిర్ణయించునపుడు 14వ ఆర్థిక సంఘము అడవుల విస్తీర్ణమునకు నూటికి 7.5 వంతుల ప్రాముఖ్య మిచ్చెను. 15వ సంఘము దానిని 10 వంతులు చేసెను. అడవిని నరుకక నిలిపినవానికి దేశమంతయు ఋణపడియున్నదను భావము ఇందు గలదు. ద్వీపములు రాష్ట్రము కావు గనుక వాని వ్యయమును కేంద్రమే నేరుగ భరించును. కాని సూత్రము మాత్రము ఒక్కటే. ఆ ఋణము ప్రభుత్వముల పద్దుల యొద్దనే ఆగక, పని కోల్పోయిన కూలివాని యింటివరకు చేరినపుడే అది తీరినట్లు.

డైరీ ఫార్మ్ యింటి ముంగిటనే దీనిని లెక్కించి చూతము. ఏటికి 3,000 మిల్లీమీటర్ల వాన పడుచోట, ఏబది చదరపు మీటర్ల చిన్న పైకప్పుపై పడు నీరు 1,50,000 లీటర్లు. ఐదుగురున్న కుటుంబము దినమునకు 250 లీటర్లతో పొదుపుగ గడుపుకొన్నచో, వానలేని నూట ఇరువది దినములకు కావలసినది 30,000 లీటర్లు. అనగా ఇంటిపై పడు నీటిలో ఐదవ వంతు! దేవుడిచ్చినది చాలక కాదు ఈ కరవు. పట్టి యుంచు తొట్టి లేక. కాని 30,000 లీటర్ల తొట్టి కట్టుటకు కూలివాని యొద్ద సొమ్మెక్కడిది? పెద్ద వసతిగృహము కట్టించినవాని యొద్ద గలదు. అట్టి గృహమున ఒక యాత్రికుడు స్నానమునకు విడుచు నీరును, పేటలో ఇల్లాలు బిందెతో కొలుచుకొను నీరును ఒక్క జలాశయము నుండియే రావచ్చును. రెంటికిని ఒకే ధర, ఒకే నియమము పెట్టి సమానత్వమనరాదు. ఎక్కువ వాడువాడు ఎక్కువ చెల్లించి, ఆ సొమ్ముతో పేటకు తొట్లు కట్టించినచో, అడవికిని భారము తగ్గును, ఇల్లాలి నడుమునకును భారము తగ్గును. పెద్ద చెంబు దూడకు వదలుట యనగా నిదియే.

మరియొక విషయము. 2004 డిసెంబరు 26న భూకంపమును సునామీయు వచ్చినపుడు దక్షిణ అండమానులో నేల క్రుంగి, పట్టణమునకు చేరువనున్న సిప్పీఘాట్ పల్లపు పొలములలో ఉప్పునీరు నిలిచిపోయెను. అది మనుష్యుని తప్పు కాదు. కాని అదియొక హెచ్చరిక. ప్రకృతి తన లెక్కను మనతో ఆలోచించి వ్రాయదు. తుది చుక్క వరకు పిండుకొని బ్రతుకువానికి ఒక్క చెడు సంవత్సరము చాలును. మిగిల్చిన వంతు దూడకు ఆహారమే కాదు, మనకు ఆపత్కాలపు నిల్వయు.

మనలో చాలమంది "నేను చెట్టు నరుకలేదు, నాకేమి సంబంధము?" అందురు. కాని ఆ కలపతో చేసిన బల్లపై వ్రాసినది మనమే. ఆ ఇసుకతో కట్టిన మేడలో నిద్రించినది మనమే. ముఖ్యభూమిపై నున్న మనము ఆ ద్వీపముల అందమును చూచుటకు పోయి, ఛాయాచిత్రములు తీసికొని, "ఈ యడవిని కాపాడవలెను" అని చెప్పి వత్తుము. చెప్పుట సులభము, ఏలయన అందుకు చెల్లించునది మనము కాదు. త్యాగము పరుని చేత చేయించునపుడు దానికి త్యాగమను పేరు చెల్లదు. మొదట మన చెంబును చూచుకొందము. అందు అవసరమెంత, అలవాటెంత, ఆడంబరమెంత? అవసరమును ఎవరును కాదనరు. అలవాటును మార్చుకొనవచ్చును. ఆడంబరమే దూడ వంతు.

దూడకు మాట రాదు. అయినను ఆకలిగొన్నచో అంబాయని అరచును, ఇంటిల్లపాదియు విందురు. పుట్టబోవు తరమునకు అరచుటకును గొంతు లేదు. వారికి ఓటు లేదు, న్యాయవాది లేడు, మార్కెట్టులో బేరము లేదు. నేటి కూలివానికి గొంతున్నది గాని వినువారు తక్కువ. ఈ యిరువురిలో ఒకరిని చూపి రెండవవారిని మరచుట మన కాలపు చిక్కు. ఇరువురిని ఒక్కసారి చూడగలిగిన కన్నే ధర్మదృష్టి. అట్టివాడు పొదుగుపై చేయి వేయునపుడు రెండు మాటలు తనలో అనుకొనును: దూడకు మిగిలినదా? పాలేరు బిడ్డ త్రాగినదా? ఈ రెంటికిని అవునని చెప్పగలిగిననాడే మన పాడి పాడి యగును.